ఇన్‌ఫిల్ట్రేట్ ఎక్కడ రాయాలి, ఎక్కడ వద్దు

తమ్ముడూ,

నీ ఇంగ్లీషు కథ చదివా, బాగా నచ్చింది, కానీ ఒక్క వెర్బ్ దగ్గర ఆగిపోయా. అర్ధరాత్రి తాళం పగలగొట్టి ఇంట్లోకొచ్చిన దొంగ గురించి "ఇన్‌ఫిల్ట్రేటెడ్ ద హౌస్" అని రాశావు. అది కుదరదురా. తాళం పగలగొడితే బ్రేక్ ఇన్, చప్పుడు కాకుండా పిల్లిలా దూరితే స్నీక్ ఇన్, అక్కడితో సరి.

ఇన్‌ఫిల్ట్రేట్ అంటే లోపలికి వెళ్లాకే అసలు పని మొదలవుతుంది. లోపలివాళ్లలో ఒకడైపోవాలి, వాళ్ల నమ్మకం సంపాదించాలి, రహస్యాలు బయటికి చేరవెయ్యడానికో లోపల్నుంచే దెబ్బ తియ్యడానికో ఏదో ఒక ఉద్దేశం ఉండాలి. 1976లో జోసెఫ్ పిస్టోన్ అనే ఎఫ్‌బీఐ ఏజెంట్ డానీ బ్రాస్కో అనే నగల దొంగ వేషంలో న్యూయార్క్ మాఫియాలోకి వెళ్లి 1981 దాకా వాళ్ల మధ్యే తిరిగాడు, తర్వాత కోర్టుల్లో వాళ్ల మీదే సాక్ష్యం చెప్పాడు, ఈ వెర్బ్‌కి అంతకంటే మంచి ఉదాహరణ నాకు తట్టట్లేదు.

అసలు ఆ మాటలోనే ఫిల్టర్ ఉంది చూడు. వాన నీళ్లు నేలలోకి ఇంకడాన్ని కూడా ఇన్‌ఫిల్ట్రేషన్ అనే అంటారు, సెలైన్ ఎక్కిస్తుంటే అది నరంలోకి పోకుండా చుట్టూ ఉన్న కండలోకి చేరి చెయ్యి వాస్తే నర్సులు వాడేదీ అదే మాట. వీటిల్లో గూఢచారీ లేడు, కుట్రా లేదు, సందుల్లోంచి కొంచెం కొంచెంగా చేరడం మాత్రం ఉంది. మనుషుల విషయంలో రాసినా ఆ నిదానం పోకూడదు.

మన "చొరబడటం" దొంగకీ సరిపోతుంది, గూఢచారికీ సరిపోతుంది, నువ్వు తికమకపడింది అందుకేనేమో. తెలుగులో రాసేటప్పుడు ఒక్క చొరబడ్డాడుతో వదిలెయ్యకు, వాళ్లలో కలిసిపోయాడని కూడా తెలిసేలా రాయి.

గ్రామర్ పెద్దగా ఏం లేదు. "ఇన్‌ఫిల్ట్రేటెడ్ ద గ్యాంగ్" చాలు, మధ్యలో ఇన్‌టూ అక్కర్లేదు, వేరేవాళ్లు తమ మనిషిని లోపలికి పంపితే మాత్రం "ఇన్‌ఫిల్ట్రేటెడ్ యాన్ ఏజెంట్ ఇన్‌టూ ద గ్యాంగ్" అనాలి. సీక్రెట్లీ అని పక్కన తగిలించావు, తీసెయ్, వెర్బ్‌లోనే ఉందది.

ఇంకోటి, నీ కథ చివర్లో కంపెనీలో క్లర్కుగా చేరి ఫైళ్లు అవతలివాళ్లకి చేరవేసే అమ్మాయి ఉంది కదా, అక్కడేమో ఉత్త "జాయిన్డ్" అని వదిలేశావు. ఈ వెర్బ్ కావాల్సింది ఆ అమ్మాయికి, దొంగకి కాదు. కాకపోతే చేరిన మొదటి రోజు దగ్గరే వాడెయ్యకు, మేనేజర్ బీరువా తాళాలు తన చేతికిచ్చే సీన్ అయ్యాక వాడు, అప్పటికి గానీ తను నిజంగా లోపలికి వెళ్లినట్టు కాదు.

ప్రేమతో,
అన్నయ్య