గ్రూపులో అడిగే ముందు

చిరంజీవి నాయనకు,

మన మామిడి రైతుల వాట్సాప్ గ్రూపులో చేరినావు, మంచిది. అయితే "మామిడికి తెగులొచ్చింది, ఏం మందు కొట్టాల?" అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. చెప్పినా నువ్వు నమ్మొద్దు. తోతాపురినా బేనీషానా, చెట్టుకు ఎన్నేళ్ళు, పూత మీదుందా పిందె పట్టిందా, ఆఖరున ఏ మందు ఏ రోజు కొట్టినావు, తోట పాకాల పక్కనా పలమనేరు పక్కనా, అన్నీ ఒకే మెసేజీలో రాయి. ఆరు ముక్కలు చేసి పెడితే మధ్యలో ఇంకొకరి మాట దూరి, చదివేవాళ్ళకు తలా తోకా అందదు.

ఫోటోలు మూడు చాలు: చెట్టు మొత్తం, పూత కంకి దగ్గరగా, ఆకు అడుగు భాగం. పంపేటప్పుడు హెచ్‌డీ నొక్కు. మసకగా వస్తే కంకి మీద ఉండేది తెల్ల బూడిదనా, జిగురు తేనెమంచా తెలీదు. ఒకటి బూడిద తెగులు, ఇంకోటి పురుగు పని. దానికి గంధకం, దీనికి పురుగు మందు. తారుమారైతే డబ్బూ పోతుంది, పూతా పోతుంది.

అన్నిటికన్నా నాకు భయం మోతాదు దగ్గర. తేనెమంచు పురుగుకు ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం మందు లీటరు నీటికి 0.3 మి.లీ. టైపు చేసేటప్పుడు చుక్క జారి 3 అని పడిందంటే పదింతలు! అందుకే రెండు లెక్కలూ రాయి: "లీటరుకు 0.3 మి.లీ., 200 లీటర్ల డ్రమ్ముకు 60 మి.లీ." రెండూ పొసగకపోతే చదివినోడు ఆగి అడుగుతాడు. తప్పు పడితే 15 నిమిషాల లోపల ఎడిట్ చేసుకోవచ్చు. అది దాటితే ఊరికే తుడిచేయొద్దు, అప్పటికే రాసుకున్నోళ్ళు ఉంటారు. దానికే రిప్లైగా "ఈ మోతాదు తప్పు, సరైనది ఇది" అని పెట్టు.

ధర పెట్టేటప్పుడు తేదీ రాయి. దామలచెరువు మండీ ధరనా, ఫ్యాక్టరీ గేటు ధరనా, కమీషన్ పోగానా చెప్పు. నీ మాట చూసి ఒకడు కాయ కోయిస్తాడు, కోసిన కాయ మళ్ళీ చెట్టుకు అంటదు. రెండు బాణాల గుర్తుతో వచ్చిన ఫార్వర్డులు మాత్రం అసలు పెట్టొద్దు.

పెద్దాయన చెప్పింది తప్పనిపిస్తే "అన్నా, మా తోటలో అట్ల కాలేదు, ఇట్లయింది" అని వివరం చెప్పు. మనిషిని అనొద్దు.

జవాబిచ్చినోళ్ళకు దండం బొమ్మలు అక్కరలేదు. మందు కొట్టిన వారానికి అదే కంకిని మళ్ళీ ఫోటో తీసి, అదే మెసేజీ కింద పెట్టు. తగ్గినా తగ్గకపోయినా పెట్టు, వాళ్ళు ఎదురుచూసేది దానికే.

ఆశీస్సులతో,
మీ పెదనాయన