గుర్రాల వైరస్ మీద పరిశోధన చేస్తే ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి వెటర్నరీ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. గుర్రాలకు వచ్చే వైరస్‌ల జన్యుక్రమం, అందులో వచ్చే మార్పుల మీద పీజీ, ఆ తర్వాత పీహెచ్‌డీ చేస్తానంటోంది. అంత చిన్న సబ్జెక్టుతో ఏం భవిష్యత్తు ఉంటుందని మా టెన్షన్. ఆరు నెలల ఆన్‌లైన్ బయోఇన్ఫర్మాటిక్స్ (జన్యు డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించడం) కోర్సు చేసి డేటా ఉద్యోగంలో చేరమంటున్నాం. రెండింటిలో ఏది మేలో పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి

జవాబు: చేపల జబ్బులు, మొక్కల తెగుళ్లు, ఇప్పుడు గుర్రాల వైరస్. సబ్జెక్టు మారుతుంది గానీ తల్లిదండ్రులు నన్ను అడిగేది ఒక్కటే. ‘ఇంత చిన్న విషయంలో ఇరుక్కుపోతే మా బిడ్డ గతేంటి?’ అని. మీ భయమూ అదే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

మీ అమ్మాయి ఎంచుకున్న జంతువు గుర్రం. నేర్చుకునే పని మాత్రం గుర్రంతో ఆగిపోదు. శాంపిల్ నుంచి వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏ తీయడం, పీసీఆర్‌తో దాని నకళ్లు పెంచడం, సీక్వెన్సింగ్ అంటే దాన్ని అక్షరం అక్షరం చదవడం, వచ్చిన క్రమాన్ని పాతవాటి పక్కన పెట్టి వైరస్ వంశవృక్షం గీయడం... కోళ్ల వైరస్‌కైనా మనుషుల వైరస్‌కైనా దాదాపు ఇదే పని. గుర్రాల్లో ఇన్ఫెక్షియస్ ఎనీమియా, అంటే అంటుకునే రక్తహీనత తెచ్చే వైరస్‌నే తీసుకోండి. అది హెచ్‌ఐవీకి దగ్గరి బంధువు, రెండూ లెంటివైరస్‌లే, అంటే ఒంట్లో చేరి ఏళ్ల తరబడి ఉండిపోయే రకాలే. దాని జన్యుక్రమం మొత్తం సుమారు 8,200 అక్షరాలు (ఒక్కో అక్షరం ఒక్కో రసాయన ముక్కకు గుర్తు). పైతొడుగు ప్రొటీన్‌ను మార్చుకుంటూ రోగనిరోధక శక్తికి దొరక్కుండా తప్పించుకుంటుంది. అందుకే గుర్రానికి జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతుంది. దీని మీద పనిచేసిన మనిషి రేపు హెచ్‌ఐవీ ల్యాబ్‌లో అడుగుపెడితే అక్కడి మాటలేవీ కొత్తగా అనిపించవు.

గుర్రాల ఫ్లూ కథ ఇంకా పెద్దది. హెచ్3ఎన్8 అనే ఫ్లూ వైరస్ రకం 1963లో గుర్రాల్లో బయటపడింది. 2004లో అమెరికాలోని ఫ్లోరిడాలో పందెం కుక్కలు దగ్గుతో జబ్బుపడి కొన్ని చనిపోతే, ఆ వైరస్ గుర్రాల నుంచి వచ్చిందని తేల్చింది జన్యుక్రమమే. గుర్రాల ఫ్లూ టీకాలో ఏ రకాలు ఉండాలో ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ నిపుణులు ఏటా సమీక్షించేది కూడా ఇలాంటి సమాచారం చూసే. మీరు చిన్న సబ్జెక్టు అంటున్నది ఇది.

ఇక ఆ ఆరు నెలల కోర్సు. దాని మీద నాకు నమ్మకం తక్కువ, దాచడం ఎందుకు? బయోఇన్ఫర్మాటిక్స్ మంచి శాస్త్రం. కానీ చాలా కోర్సులు నేర్పేది ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏ కమాండ్ కొట్టాలన్నది మాత్రమే. సరిగ్గా ఆ పనులే రోజురోజుకీ వాటంతటవే జరిగిపోయేలా తయారవుతున్నాయి. వచ్చిన జవాబు నమ్మదగిందా కాదా అన్నదే అసలు కష్టం, దాన్ని ఆరు నెలల్లో ఎవరూ నేర్పలేరు.

ఒక ఉదాహరణ చెప్తాను. గుర్రాల హెర్పిస్ వైరస్-1 జన్యుక్రమం సుమారు లక్షన్నర అక్షరాల పొడవుంటుంది. అందులో డీఎన్‌ఏ పాలిమరేజ్ (వైరస్ తన డీఎన్‌ఏకి నకళ్లు తీసే ప్రొటీన్) జన్యువులో 2254వ స్థానంలో ‘ఎ’ అక్షరానికి బదులు ‘జి’ ఉంటే, ఆ ప్రొటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం, అంటే ఒక్క ఇటుక మారుతుంది. కాళ్లు చచ్చుబడి కూలిపోయిన గుర్రాల్లో ఈ ‘జి’ ఎక్కువగా కనబడటంతో దానికి నాడీ రకమని పేరు పడింది. కానీ 2021లో స్పెయిన్‌లోని వాలెన్సియా పోటీలకు వచ్చిన గుర్రాలు అవే లక్షణాలతో పడిపోయాయి, కొన్ని చనిపోయాయి. అక్కడి వైరస్‌లో ఉన్నది ‘ఎ’! కమాండ్ కొట్టడం మాత్రమే తెలిసిన వ్యక్తి ‘ప్రమాదం లేని రకం’ అని రిపోర్టు రాసేస్తారు. వెనక కాళ్లు ఈడుస్తూ, మూత్రం ఆపుకోలేక నిలబడ్డ గుర్రాన్ని చూసిన డాక్టర్ అలా రాయరు. ఆ అక్షరం నిజంగా మారిందా, మెషీన్ తప్పు చదివిందా, ఆ స్థానాన్ని ఎన్నిసార్లు చదివింది, ముక్కులోంచి స్వాబ్ సరిగ్గా తీశారా, ల్యాబ్‌కి చేరేదాకా చల్లగా ఉంచారా అని అడుగుతారు. మీ అమ్మాయికి ఈ ప్రశ్నలు అడిగే చదువు ఇప్పటికే ఉంది. ఇన్నేళ్లు జంతువుల పక్కన నిలబడి నేర్చుకున్నదాన్ని వదిలేసి, అందరూ నిలబడ్డ క్యూలో చివరికెళ్లి నిలబడమంటున్నారు మీరు.

ఇంకో మాట. కటువుగా ఉంటే క్షమించండి. ఆమెకు ఈ సబ్జెక్టు ఎందుకు నచ్చిందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. అసలు అడిగారా? జీతం గురించి ఆలోచించడం తప్పు కాదు. కానీ కూతుర్ని అడగకుండా నన్ను అడగడం మాత్రం తప్పే.

కష్టాలు లేవని చెప్పను. పీహెచ్‌డీకి ఏళ్లు పడతాయి, ఆ తర్వాత కూడా కొంతకాలం కాంట్రాక్టు ఉద్యోగాలే ఉంటాయి, తోటివాళ్లు ముందు సంపాదిస్తారు. కేవలం గుర్రాల మీదే పనిచేసే ల్యాబ్‌లు తక్కువ. అయితే టీకా కంపెనీలు, రోగనిర్ధారణ ల్యాబ్‌లు, వ్యాధుల నిఘా, ఎగుమతి దిగుమతుల్లో క్వారంటైన్ పరీక్షలు, వీటన్నిటికీ ఈ నైపుణ్యమే కావాలి. ఏదీ కుదరకపోయినా వెటర్నరీ డాక్టరు అన్న అర్హత ఎక్కడికీ పోదు. ప్రోగ్రామింగ్, స్టాటిస్టిక్స్ తప్పకుండా నేర్చుకోమనండి, కాకపోతే పరిశోధనలో సొంతంగా వచ్చిన డేటా మీద. అలా నేర్చుకున్నదే చేతికి పడుతుంది.

గైడ్‌ను ఎంచుకునేముందు నాలుగు సంగతులు కనుక్కోవాలి. ఆ ల్యాబ్‌కు గుర్రాల శాంపిళ్లు నిజంగా అందుతున్నాయా? సీక్వెన్సింగ్ ఖర్చుకు నిధులున్నాయా? డేటా విశ్లేషణ విద్యార్థే చేస్తారా, బయటికి పంపిస్తారా? అక్కడ చదివినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? ఇవి ఆమెనే అడగనివ్వండి. మీరు మాత్రం గైడ్‌కి ఫోన్ చేయకండి.