పెద్దాసుపత్రులున్నా బస్తీలో జబ్బులెందుకు తగ్గడం లేదు?

ప్రశ్న: మా కాలనీని ఆనుకుని ఒక బస్తీ, దాని వెనుక భవన నిర్మాణ కూలీల రేకుల షెడ్లు ఉన్నాయి. ఏటా వానాకాలం వచ్చిందంటే అక్కడ విరేచనాలు, జ్వరాలు తప్పడం లేదు. హైదరాబాద్‌లో ఇన్ని పెద్దాసుపత్రులు ఉండగా ఇలా ఎందుకు జరుగుతోంది? మా సంఘం తరఫున ఒకరోజు వైద్య శిబిరం పెడితే ప్రయోజనం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: గాంధీ, ఉస్మానియా, నీలోఫర్ వంటి ఆసుపత్రులు జబ్బు ముదిరాక ప్రాణం నిలబెట్టగలవు గాని, మీరు చెప్పిన విరేచనాలు పుట్టేది నల్లా గొట్టంలో. నీళ్లు రోజంతా రాకుండా గంటో రెండు గంటలో వచ్చి ఆగిపోయే చోట, సరఫరా ఆగగానే గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. ఆ గొట్టం మురుగుకాలువ పక్కనుంచో, దానిలోనుంచో పోతూ ఎక్కడైనా చిల్లు పడి ఉంటే, చుట్టూ ఉన్న మురుగు లోపలికి చేరుతుంది. బస్తీ ఆడవాళ్లు మొదటి బిందె నీళ్లు పారబోసేది అందుకే. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషితమైన నల్లా నీళ్లు తాగి పలువురు చనిపోయారు. ఆ బస్తీకి గాంధీ ఆసుపత్రి దగ్గర్లోనే ఉంది.

ఇక జనాభా సంగతి. పాలమూరు, శ్రీకాకుళం మొదలుకొని ఒడిశా, బిహార్ దాకా పలుచోట్ల నుంచి పనికోసం నగరానికి వచ్చేవారిలో పడుచువారే ఎక్కువ. పనిచేయలేనంత జబ్బు చేశాక వారిలో చాలామంది సొంత ఊరికే వెళ్లిపోతారు, అక్కడే కన్నుమూస్తారు. అందుచేత వెయ్యిమందికి ఇన్ని మరణాలు అని కట్టే మొత్తం లెక్క, నగరాన్ని ఉన్నదానికంటే ఆరోగ్యంగా చూపిస్తుంది. వయసులవారీగా, వార్డులవారీగా విడదీసి చూస్తే తప్ప మీ పక్క బస్తీ పరిస్థితి ఏ నివేదికలోనూ కనబడదు.

2011 జనగణన ప్రకారం గ్రేటర్ హైదరాబాద్ జనాభాలో దాదాపు మూడోవంతు మురికివాడల్లోనే ఉంది. నగరపాలక సంస్థ లెక్కించిన 1,476 మురికివాడల్లో అధికారిక గుర్తింపు పొందినవి 985 మాత్రమే. కూలీల షెడ్లయితే సాధారణంగా ఏ జాబితాకూ ఎక్కవు, భవనం పూర్తికాగానే అవి అక్కడ ఉండవు గనుక. పట్టణాల్లో 50 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది నియమం. 2021లో జరగవలసిన జనగణన సకాలంలో జరగకపోవడంతో ఆ 50 వేలను ఇంకా పాత లెక్కల మీదా, అంచనాల మీదా కట్టవలసి వస్తోంది. లెక్కలో లేని కుటుంబం ఇంటికి ఆశా కార్యకర్త వెళ్లదు, బిడ్డ టీకాల తేదీ ఎవరూ గుర్తుచేయరు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

2018లో మొదలైన బస్తీ దవాఖానాలు మంచి ప్రయత్నమే, వాటివల్ల చాలామందికి మందుల ఖర్చు తప్పింది. అయితే అవి పగటిపూట నడుస్తాయి. పొద్దున్నే అడ్డా మీద నిలబడి, చీకటిపడ్డాక ఇల్లు చేరే మనిషి అక్కడికి వెళ్లాలంటే ఒకరోజు కూలి వదులుకోవాలి. అందుకే రాత్రి కూడా తలుపు తీసి ఉండే ఆర్ఎంపీ దగ్గరికే వెళతాడు.

శిబిరం తప్పక పెట్టండి, కాని సాయంత్రం పెట్టండి. బీపీ, షుగర్ చూసి ఊరుకోకుండా, రెండు వారాలకు మించి దగ్గుతున్నవారిని ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా చేసే క్షయ పరీక్షకు పంపండి. ఆ రోజే నాలుగైదు నల్లాల నీళ్లలో క్లోరిన్ పరీక్షించండి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. తక్కువ తేలిన ఇళ్ల నంబర్లతో జలమండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. షెడ్లలోని పిల్లల, గర్భిణుల పేర్లు రాసుకుని అంగన్‌వాడీ టీచరుకు, ఆశా కార్యకర్తకు ఇవ్వండి. ఆ షెడ్లు మరోచోటికి మారుతుంటాయి గనుక మూడు నెలలకొకసారైనా ఆ జాబితాను సరిచూడవలసి ఉంటుంది.