ఏడేళ్ళ స్టడీ మధ్యలో మానేస్తే కేసు పెడతారా?

ప్రశ్న: నాకు హెచ్‌ఐవీ ఉంది. ఒకప్పుడు మత్తుమందు ఇంజెక్షన్లు తీసుకునేవాణ్ణి. ఈ రెండింటి మీద ఏడేళ్ళపాటు సాగే ఒక పరిశోధన స్టడీలో చేరి ఐదేళ్ళయింది. ఆరు నెలలకోసారి వెళ్ళి రక్తం ఇచ్చి, గంటసేపు ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. కొత్త ఉద్యోగంలో సెలవు దొరక్క రెండుసార్లు వెళ్ళలేదు. చేరినప్పుడు నేనిచ్చిన నంబరు పట్టుకుని మా అక్కకు ఫోన్ చేశారు. ఆమెకు నా సంగతేమీ తెలియదు. "ఏడేళ్ళకు సంతకం పెట్టారు, మానేస్తే ఇచ్చిన దారిఖర్చులు తిరిగి కట్టాలి" అని అక్కడి ఉద్యోగి అన్నాడు. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు కూడా అదే ఆవరణలో తీసుకుంటాను. అవి ఆపేస్తారా? నేను చెప్పినవన్నీ పోలీసులకు చేరతాయా? చాలా టెన్షన్‌గా ఉంది. పేరు వేయకండి.

జవాబు: కేసు పెట్టరు, పెట్టలేరు. మీరు సంతకం చేసింది సమ్మతి పత్రం మీద, బాండ్ పేపరు మీద కాదు. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ (నివారణ, నియంత్రణ) చట్టం 2017లో వచ్చి, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమలవుతోంది. దాని సెక్షన్ 5 ప్రకారం హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తిని అతని సమ్మతి లేకుండా ఏ పరిశోధనలోకీ తీసుకోకూడదు. బలవంతం, ఒత్తిడి, మోసం ఉంటే దాన్ని సమ్మతి అనరని కూడా చట్టమే చెబుతోంది. ఇక భారత వైద్య పరిశోధన మండలి 2017 నైతిక మార్గదర్శకాలైతే, పాల్గొనేవారు ఎప్పుడైనా, ఏ జరిమానా లేకుండా తప్పుకోవచ్చని నేరుగానే రాశాయి. ఇవి ఉత్త సలహాలు కావు. మన దేశంలో ఆరోగ్య పరిశోధనలు వీటి ప్రకారమే జరగాలని 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు చెబుతున్నాయి. దారిఖర్చులు తిరిగి కట్టమనడం జరిమానా కాక మరేమిటి? వచ్చినరోజు ఖర్చుకు ఇచ్చిన డబ్బు అది, అప్పు కాదు.

అయితే వాళ్ళెందుకింత వెంటపడుతున్నారో కూడా చెప్పాలి. ఇలాంటి దీర్ఘకాల స్టడీల్లో కనబడకుండా పోయేవాళ్ళు తరచు మళ్ళీ మత్తులో పడ్డవాళ్ళో, జైలుకెళ్ళినవాళ్ళో, ఊరు విడిచినవాళ్ళో అయి ఉంటారు. వాళ్ళను వదిలేసి మిగిలినవాళ్ళనే లెక్కిస్తే అందరూ బాగున్నట్టే తేలుతుంది. మీలా ఉద్యోగం దొరికి మానేసినవాళ్ళు ఎక్కువైతే లెక్క ఇంకో వైపు తప్పుతుంది. కాబట్టి వెతకడంలో తప్పులేదు. వెతికే పద్ధతిలోనే ఉంది చిక్కంతా.

మీ అక్కకు ఫోన్ చేసినవాళ్ళు ఏం చెప్పారన్నదే ఇక్కడ ముఖ్యం. "ఫలానా నంబరుకు ఒకసారి ఫోన్ చేయమనండి" అని ఊరుకుంటే ఇబ్బంది లేదు, ఆ నంబరు అందుకోసమే తీసుకుంటారు. "హెచ్‌ఐవీ స్టడీ నుంచి" అని ఉంటే మాత్రం హెచ్‌ఐవీ చట్టం సెక్షన్ 8 కింద తప్పే. ఆ విషయం ఇంకొకరికి చెప్పడానికి మీ రాతపూర్వక సమ్మతి కావాలి. మీరు నంబరు ఇవ్వడాన్ని ఆ సమ్మతిగా లెక్కగట్టకూడదు. అక్కను మెల్లగా అడిగి, ఏ తేదీన ఎవరు ఏమన్నారో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. రేపు కోర్టుకు వెళ్ళాల్సి వచ్చినా సెక్షన్ 34 కింద మీ పేరు మరుగుపరచమని కోరవచ్చు.

మందుల సంగతి. స్టడీ వేరు, చికిత్స వేరు. ఒకే గేటులోంచి వెళ్తున్నాం కదా అని రెండూ ఒకటనుకుంటారు చాలామంది, నా దగ్గరికి వచ్చేవాళ్ళలోనూ ఈ పొరపాటే ఎక్కువ. ప్రభుత్వ కేంద్రాల్లో ఉచిత ఏఆర్‌టీ 2004 నుంచి ఉంది, స్టడీలో ఉన్నారా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. మానేశారన్న కోపంతో ఆపితే ఇలాంటి ఫిర్యాదులు విచారించడానికి రాష్ట్ర ప్రభుత్వం నియమించే అధికారికి, అంటే అంబుడ్స్‌మన్‌కు, ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి, ప్రాణం మీదికి వచ్చిన సందర్భమైతే వీలైనంతవరకు 24 గంటల్లోనే. స్టడీకి వెళ్ళడం లేదన్న మొహమాటంతో మందులకు వెళ్ళడం మాత్రం మానకండి.

మీ ఉత్తరంలో లేదు గానీ, ఒకటి అడగాలి. మీ మీద మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద పాత కేసేదైనా ఉందా? ఆ చట్టం సెక్షన్ 64ఎ కింద, మత్తు మాన్పించే చికిత్సకు తనంతట తాను ముందుకొచ్చిన వ్యసనపరుడికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స పూర్తి చేయకపోతే ఆ రక్షణ వెనక్కి తీసుకోవచ్చు. అలాంటి కేసుంటే స్టడీ మానేస్తున్నానని, చికిత్స కొనసాగిస్తున్నానని రెండూ కాగితం మీద విడివిడిగా కనబడాలి.

పోలీసుల విషయంలో పూర్తి భరోసా ఇవ్వను. హెచ్‌ఐవీ ఉందన్న విషయానికి ఉన్నంత గట్టి రక్షణ, స్టడీలో మత్తుమందుల గురించి చెప్పిన జవాబులకు లేదు. స్టడీ వాళ్ళు తమంతట తాము పోలీసులకు ఇవ్వకూడదు, కోర్టు అడిగితే వేరే సంగతి. అయినా మత్తు పదార్థమేదీ దొరకకుండా ఎప్పుడో చెప్పిన ఒక జవాబు మీదే కేసు నిలబెట్టడం కష్టమని నా అభిప్రాయం. మానేసినంత మాత్రాన ఈ ప్రమాదం పెరగదు. అలాగని పాత జవాబులు చెరిగిపోవు కూడా. అప్పటిదాకా సేకరించిన సమాచారాన్ని సాధారణంగా ఉంచుకుంటారు. నిల్వ ఉన్న రక్తం నమూనాల గురించి మీ సమ్మతి పత్రంలో ఏముందో చూడండి.

ఇప్పుడు చేయాల్సిన పని చిన్నదే. చెప్పకుండా మాయమైపోతే ఫోన్లు వస్తూనే ఉంటాయి. పేరు బదులు మీ స్టడీ నంబరు వేసి, ఫలానా తేదీ నుంచి తప్పుకుంటున్నానని, బంధువులకు ఫోన్ చేయవద్దని, నిల్వ ఉన్న నమూనాలను కొత్త పరిశోధనలకు వాడవద్దని రాసివ్వండి. కారణం రాయనక్కర్లేదు. నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. ఒకవేళ సెలవే అడ్డమైతే, పూర్తిగా మానకుండా ఫోన్‌లోనో ఆదివారమో ప్రశ్నలు అడగమని కూడా కోరవచ్చు, ఒప్పుకునేవాళ్ళున్నారు. దారిఖర్చుల మాట మళ్ళీ వస్తే, స్టడీ నైతికంగా సాగుతోందో లేదో చూసే ఎథిక్స్ కమిటీ సభ్య కార్యదర్శికి రాయండి. ఆయన ఫోన్ నంబరు మీకిచ్చిన సమ్మతి పత్రం నకలులో ఉండాలి. నకలే ఇవ్వలేదంటే ఫిర్యాదు అక్కడి నుంచే మొదలుపెట్టండి.