సిక్స్ పాకెట్ ప్యాంటు జారిపోతుంటే టైలర్ దగ్గరికి వెళ్లేముందు

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: జీన్స్ 32 వేస్తారు కాబట్టి, ఆన్‌లైన్‌లో అమెరికన్ ఆర్మీ మోడల్ సిక్స్ పాకెట్ ప్యాంటు మీడియం తెప్పించారు. వేసుకుంటే వెనక సీటు వేలాడుతోంది, నడిస్తే కిందికి జారుతోంది, అడుగున గుడ్డంతా బూటు మీద కుప్పపడుతోంది. కావలిలో టైలర్‌కి చూపిస్తే మొత్తం విప్పి కుట్టాలన్నాడు. కుట్టించాలా, లేక చిన్న సైజు తెప్పించుకోవాలా అని అడిగారు.

ఆ రెండూ పక్కన పెట్టి, ముందు ప్యాంటును బొడ్డు దాకా పైకి లాగండి.

నవ్వులాటకి చెప్పడం లేదు. మనం ఇరవై ఏళ్లుగా జీన్స్‌ని తుంటి ఎముకల మీద వేసుకోవడానికి అలవాటుపడ్డాం. మిలిటరీ ప్యాంటు అలా వేసుకోవడానికి కోసింది కాదు. లో వెయిస్ట్ జీన్స్‌లో కాళ్ల సందు నుంచి ముందు బటన్ దాకా తొమ్మిది అంగుళాలు ఉంటే, వీటిలో పన్నెండు దాకా ఉంటుంది. ఆ మూడు అంగుళాలూ బొడ్డు దాకా వెళ్లాల్సిన గుడ్డ. మీరు తుంటి దగ్గర ఆపేశారు కాబట్టి అదంతా కింద వేలాడుతోంది, కాలి పొడవు కూడా మూడు అంగుళాలు ఎక్కువైనట్టు కనిపిస్తోంది. మీరు చెప్పిన మూడు సమస్యలకీ మూలం ఇదొక్కటే.

నేను ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. గట్ల మీద నడవడం, చెక్ ట్రే లాగి చూడటానికి వంగడం, నీళ్ల శాంపిల్ తీయడానికి గొంతుక్కూర్చోవడం, రోజంతా ఇదే పని. ఈ రకం ప్యాంటు తప్ప ఇంకోటి వేసుకోను. మా మేనమామది గిద్దలూరు, ఆర్మీలో చేసి రిటైరయ్యాడు. ప్యాంటు ఎక్కడ నిలబడాలో, బెల్టు ఎలా పెట్టుకోవాలో ఆయన చెప్పిందే నా పద్ధతి.

కొలత ఇలా తీసుకోండి. బనీను మీద టేపు పెట్టి, పక్కకి వంగండి. నడుములో మడత ఎక్కడ పడుతుందో అదే మీ అసలు నడుము. చాలామందికి అది బొడ్డు దగ్గరో, కాస్త పైనో ఉంటుంది. జీన్స్ మీద రాసిన అంకెను నమ్ముకోకండి, అది వేరే చోటి కొలత. మీరు కొన్న మోడల్ అమెరికన్ సైన్యం 1981లో తెచ్చిన బీడీయూ, అంటే బ్యాటిల్ డ్రెస్ యూనిఫాం. అందులో మీడియం అంటే నడుము 31 నుంచి 35 అంగుళాలు, స్మాల్ అంటే 27 నుంచి 31. రెగ్యులర్ అంటే లోపలి కాలి పొడవు 29.5 నుంచి 32.5. ఒక్కో సైజులో నాలుగు అంగుళాల తేడా ఏంటని అనుకోవద్దు. నడుముకి రెండు పక్కలా ఉండే చిన్న పట్టీలు ఆ తేడాను సర్దడానికే. చాలామంది వాటిని షోకి పెట్టారనుకుని ముట్టుకోరు. ప్యాంటు పైకి లాగి, బటన్ పెట్టి, రెండు పట్టీలనూ సమానంగా లాగండి. ఒక పక్కే లాగితే ముందు బటన్ వరుస వంకర పోతుంది.

ఇప్పుడు బెల్టు లేకుండా గొంతుక్కూర్చోండి. వెనక నడుము పట్టీ కిందికి దిగకపోతే, తొడల దగ్గర గుడ్డ పట్టేయకపోతే సైజు సరైనదే. పట్టీలు చివరిదాకా లాగినా నడుము దగ్గర పిడికిలి దూరేంత ఖాళీ ఉందంటే స్మాల్ తీసుకోవాలి. అద్దం ముందు నిలబడి చూసేదానికంటే ఈ పరీక్ష నయం. నిలబడితే ఏ ప్యాంటయినా బాగానే ఉంటుంది.

బెల్టు వెడల్పుది, కాన్వాసుది పెట్టండి. సన్న లెదర్ బెల్టు ఆ పెద్ద లూపుల్లో అటూ ఇటూ తిరుగుతుంది, తొడ జేబుల్లో బరువు పడగానే ఆ పక్కకి వాలిపోతుంది. షర్టు టక్ చేస్తే మా మామ ఒకటి చూసేవాడు: షర్టు బటన్ పట్టీ అంచు, బకిల్ అంచు, ప్యాంటు ముందు అంచు ఒకే గీతలో ఉన్నాయా లేదా అని. అది తప్పితే పెళ్లిలో అయినా నన్ను పక్కకి పిలిచి సర్దేవాడు. టక్ చేయకపోతే ఈ గొడవ లేదు. నడుము ఎత్తుగా ఉన్నట్టు కూడా ఎవరికీ కనిపించదు.

కాలి లూజు గురించి. ఈ ప్యాంటు కాలు లూజుగానే ఉండాలి, సీటు దగ్గరా మోకాళ్ల దగ్గరా రెండు పొరల గుడ్డ ఉంటుంది కాబట్టి టైటు చేస్తే మోకాలు వంగదు. అయినా కాస్త తగ్గించాలనిపిస్తే మోకాలి కింద నుంచి, లోపలి కుట్టు వైపు మాత్రమే తీయమనండి. బయటి కుట్టు మీద తొడ జేబు ఉంటుంది, అక్కడ విప్పితే జేబు వంకరవుతుంది. చుట్టుకొలతలో రెండు అంగుళాలకి మించి ఒకే వైపు నుంచి తీస్తే కాలు మెలిపడుతుంది. నడుము తగ్గించడానికి వెనక కుట్టు విప్పుతానంటే ఒప్పుకోవద్దు. సీటు మీద అతికిన రెండో పొర అడ్డం వస్తుంది. స్టోన్‌హౌస్‌పేటలో నాకు తెలిసిన యూనిఫాం టైలర్ అయితే ఆ పని ముట్టుకోనే ముట్టుకోడు.

పొడవు అన్నిటికన్నా చివర. కాటన్ గుడ్డ అయితే ఒకసారి ఉతికి ఆరేశాకే అడుగు మడత కుట్టించండి, లేకపోతే మొదటి ఉతుక్కే చీలమండ పైకి ఎక్కుతుంది. మామూలు బూట్లకి అయితే అంచు బూటు పైభాగాన్ని తాకి ఒక్క మడత పడితే చాలు. అడుగున ఉండే తాడు పొడవాటి బూట్ల కోసం. ప్యాంటు అంచును లోపలికి మడిచి బూటు మీద ఉబ్బెత్తుగా కట్టుకుంటే పురుగూ దుమ్మూ పైకి రావు. అమెరికన్ సైన్యం నియమం ప్రకారం ఆ ఉబ్బు బూటు పైనుంచి మూడో లేసు కన్నం కన్నా కిందికి దిగకూడదు. అలా కట్టుకోవాలనుకుంటే పొడవు అస్సలు తగ్గించకండి. స్పోర్ట్స్ షూ మీద, చెప్పుల మీద తాడు బిగించి కట్టుకుంటే మాత్రం నాకు చూడబుద్ధి కాదు. అలాంటప్పుడు తాడు లాగేసి పక్కన పెట్టుకోవడం మేలు.

గుడ్డ సంగతి మన ఎండకి ముఖ్యం. 1981లో వచ్చిన మొదటి బీడీయూ నైలాన్, కాటన్ సగం సగం కలిపిన మందపాటి ట్విల్, అంటే ఏటవాలు గీతల నేత గుడ్డ. 1983లో గ్రెనడా దీవికి వెళ్లిన అమెరికన్ సైనికులు ఉడికిపోయి ఫిర్యాదులు చేశాకే వేడి ప్రాంతాలకని పలచటి కాటన్ రిప్‌స్టాప్ తెచ్చారు. రిప్‌స్టాప్ అంటే దగ్గరగా చూస్తే చిన్న చిన్న గళ్లు కనిపిస్తాయే, అది. గళ్ల దగ్గర దారం గట్టిగా ఉండటంతో ఒకచోట చిరిగితే అక్కడే ఆగుతుంది. కరెంటు లేని రోహిణి కార్తె మధ్యాహ్నం ట్విల్ వేసుకుని చూడండి, గ్రెనడా వాళ్ల మీద జాలి పుడుతుంది. నాకైతే కాటన్ రిప్‌స్టాప్ తప్ప ఇంకోటి పనికిరాదు. చాకలికి వేసేటప్పుడు గంజి వద్దని చెప్పండి. గంజి పెడితే గాలి ఆడదు, మడతల దగ్గర త్వరగా చిరుగుతుంది. ఎన్‌సీసీ ఖాకీ లెక్క వేరు. ఇంకోటి, సముద్రం దగ్గరో చెరువుల దగ్గరో పని అయితే జిప్పు ఉన్నది కొనకండి. ఉప్పునీళ్లకి జిప్పు పట్టేస్తుంది, బటన్లకి ఆ బాధ లేదు.

తొడ జేబులో ఫోను పెట్టుకునేటప్పుడు లోపలి మూలకి నెట్టి ఫ్లాప్ వేయండి. రెండు జేబుల్లోనూ బరువు సమానంగా ఉండాలి. నడుస్తుంటే ఒక జేబు మోకాలికి కొట్టుకోవడం కన్నా చిరాకు లేదు.

రంగు మీరు అడగలేదు, అయినా చెప్తాను. మచ్చల డిజైన్, అందులోనూ మన సైన్యం వేసే రకం వద్దు. 2016 జనవరిలో పఠాన్‌కోట్ దాడి చేసినవాళ్లు సైనిక దుస్తుల్లో వచ్చారు. ఆ తర్వాత అలాంటి బట్టలు వేసుకోవద్దని సైన్యమే జనాన్ని కోరింది. సైనికుడిగా నమ్మించే ఉద్దేశంతో వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మీకు ఆ ఉద్దేశం లేకపోయినా చెక్‌పోస్టు దగ్గర నిలబెట్టి అడిగితే టైం వేస్టు. సాదా ఆలివ్, ఖాకీ, ముదురు బూడిద రంగు చాలు.

మీ ప్యాంటుకి రిటర్న్ గడువు ఇంకా ఉందనుకుంటున్నాను. ఉతకకుండా, ట్యాగ్ కోయకుండా ఈ రాత్రే పట్టీలు లాగి గొంతుక్కూర్చుని చూసుకోండి. కుదిరితే మీడియమే ఉంచుకోండి, లేదంటే స్మాల్ రెగ్యులర్‌కి మార్చుకోండి.