సూటు వేసుకునే ముందే చల్లబడు

తల్లీ,

వచ్చే వారం నుంచి ఐసోలేషన్ వార్డులో డ్యూటీ అన్నావు. ఇన్ఫెక్షన్ గురించి నీకు బోలెడు ట్రైనింగ్ ఇచ్చే ఉంటారు. వేడి గురించి ఎవరూ పెద్దగా చెప్పరు, అందుకే రాస్తున్నా.

నేను మొదటిసారి పీపీఈ, అదే ఒళ్ళంతా కప్పే రక్షణ సూటు, విప్పినప్పుడు గ్లవ్స్ వేళ్ళలోంచి చెమట ధారగా కారింది. అంత చెమట పట్టినా ఒళ్ళు సలసలా కాగిపోతూనే ఉంది. చెమట ఆరితేనే కదా చల్లబడేది! ఆ సూటులో అది ఆరే దారి లేదు.

కాబట్టి అసలు జాగ్రత్త సూటు వేసుకోకముందే మొదలవ్వాలి. బాత్రూమ్‌కి వెళ్ళాల్సొస్తుందని మనవాళ్ళు నీళ్ళు మానేస్తారు. నేనూ మానేసేదాన్ని, బుద్ధిలేక. మూత్రం ముదురు పసుపుగా ఉంటే ఒంట్లో నీళ్ళు అప్పటికే తగ్గినట్టే. లోపలికి వెళ్ళే ముందు, నుజ్జు చేసిన ఐసు కలిపిన నీళ్ళు మెల్లగా తాగు. ఆ ఐసు కరగడానికి కావాల్సిన వేడిని నీ ఒంట్లోంచే లాక్కుంటుంది.

ఇక కూలింగ్ వెస్టులు, అంటే ఒంటిని చల్లబరచడానికి సూటు లోపల వేసుకునే చేతుల్లేని జాకెట్లు. తడిపి వేసుకునే రకం నీకు పనికిరాదు, సూటు లోపల ఆ తడీ ఆరదు. ఐసు ప్యాకుల రకం బాగా చల్లగా ఉంటుంది గానీ బరువు. దాన్ని కాటన్ షర్టు మీదే వేసుకో. చర్మం మరీ చల్లబడితే రక్తనాళాలు ముడుచుకుని లోపలి వేడి బయటికి రాదు. ఫేజ్ చేంజ్ ప్యాకులని ఇంకో రకం ఉంది. ఐసులా సున్నా దగ్గర కాక, 15, 21 డిగ్రీల్లాంటి చోట కరుగుతాయి. అంత గడ్డకట్టించే చల్లదనం ఉండదు, హాయిగా ఉంటుంది. నా ఓటు వీటికే. వేసుకునే ముందు వేలితో నొక్కి చూడు, రాయిలా ఉండాలి. ఏ రకమైనా కరిగిపోయాక ఉత్త బరువే, లోపల ఉండగా మార్చుకోలేవు. వెస్టు ఉంది కదా అని ఇంకో అరగంట అదనంగా మాత్రం ఉండకు.

మొదటి వారం తక్కువసేపే ఉండు. ఒళ్ళు వేడికి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది.

తోడు లేకుండా లోపలికి వెళ్ళకు. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం మొదలైతే సిగ్గుపడకుండా చెప్పి బయటికి రా. విప్పేటప్పుడు తల తిరిగితే చెయ్యి ఎక్కడ తగులుతుందో తెలీదు, ఇన్ఫెక్షన్ అంటుకునేది అక్కడే. తోటివాళ్ళు పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బే అనుకో. సూటు తీయించి, వెంటనే చల్లటి నీళ్ళతో ఒళ్ళంతా తడుపుతూ డాక్టర్‌ని పిలిపించు.

బయటికొచ్చి శుభ్రంగా కడుక్కున్నాక, మోచేతుల దాకా చేతులు చల్లటి నీళ్ళలో పది పదిహేను నిమిషాలు ముంచి కూర్చో. చూడ్డానికి పిచ్చిపనిలా ఉంటుంది, నవ్వేవాళ్ళు నవ్వనీ. అరచేతుల్లోంచి వేడి ఎంత తొందరగా దిగిపోతుందో నీకే తెలుస్తుంది.

అన్నట్టు, ప్యాకులు క్రిమిసంహారకంతో తుడిచి అప్పుడే ఫ్రిజ్‌లో పెట్టెయ్యి. తర్వాతి షిఫ్టు అమ్మాయికి మెత్తటి ప్యాకులు దొరికితే తిట్టుకునేది నిన్నే.

మీ పెద్దమ్మ