దాడి పనిచేసింది సరే, ఎందుకు పనిచేసింది?

విశ్వవిద్యాలయాల్లో సైబర్ సెక్యూరిటీ చెప్పేవారు, చదివేవారు, పరిశోధన చేసేవారు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: బఫర్ ఓవర్‌ఫ్లో (కేటాయించిన జాగాకు మించి డేటా పంపి ప్రోగ్రామ్‌ను వశం చేసుకునే దాడి) ల్యాబ్ పెట్టిన ప్రతిసారీ ఇదే ఇబ్బంది. జీడీబీ అనే డీబగ్గర్‌లో నడిపితే షెల్ (ఆదేశాలు ఇచ్చే ప్రోగ్రామ్) వస్తుంది. బయట అదే ప్రోగ్రామ్‌కి అదే ఇన్‌పుట్ ఇస్తే సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో కూలిపోతుంది. రెండు గంటల ల్యాబ్‌లో గంటన్నర దీనికే పోతోంది.
— అసిస్టెంట్ ప్రొఫెసర్

జవాబు: తేడా ఇన్‌పుట్‌లో లేదు, బఫర్ ఉండే స్టాక్ అనే మెమరీ భాగం చిరునామాలో ఉంది. లినక్స్‌లో జీడీబీ తాను నడిపే ప్రోగ్రామ్‌కి ఏఎస్ఎల్ఆర్‌ను (మెమరీ చిరునామాలను ప్రతిసారీ మార్చే రక్షణను) ఆపేస్తుంది. బయట అది పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి ప్రతిసారీ చిరునామా మారిపోతుంది. సరే అని కెర్నల్ సెట్టింగ్‌లో దాన్ని 0 చేశాక కూడా దాడి తప్పుతుంది. అప్పుడే విద్యార్థులు నిజంగా అయోమయంలో పడతారు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, ప్రోగ్రామ్ పేరు స్టాక్ పై కొసన కూర్చుంటాయి. జీడీబీ లైన్స్, కాలమ్స్ అనే రెండు వేరియబుల్స్‌ను అదనంగా చేరుస్తుంది, ప్రోగ్రామ్‌ను పూర్తి పాత్‌తో పిలుస్తుంది. ఆ మేరకు బఫర్ పదుల బైట్లు కిందికి జరుగుతుంది.

కాబట్టి జీడీబీలోనూ బయటా ఎన్విరాన్‌మెంట్‌ను ఖాళీ చేసి మొదలుపెట్టండి. జీడీబీలో ఆ రెండు వేరియబుల్స్‌ను అన్‌సెట్ చేయించండి. బయట కూడా పూర్తి పాత్‌తోనే నడపమనండి. అయినా కొన్ని బైట్ల తేడా మిగలవచ్చు, ఎందుకంటే జీడీబీ ప్రోగ్రామ్‌ను షెల్ ద్వారా నడుపుతుంది. షెల్‌కోడ్ (షెల్‌ను తెరిచే కోడ్) ముందు రెండు మూడు వందల బైట్ల నాప్ స్లెడ్ (ఏ పనీ చేయని సూచనల వరుస) ఉంటే ఆ తేడా లెక్కలోకి రాదు. మొదటి వారం ప్రోగ్రామే తన బఫర్ చిరునామాను ప్రింట్ చేసేలా రాసి ఇవ్వడం ఇంకా మేలు. చిరునామా ఊహించడం రెండో వారం నేర్చుకోవచ్చు.

ఇంకో రెండు చిక్కులు ముందే చెప్పి ఉంచండి. 64 బిట్ చిరునామాల్లో పై రెండు బైట్లు సున్నాలు. స్ట్రింగ్ కాపీ సున్నా దగ్గర ఆగిపోతుంది కాబట్టి రిటర్న్ చిరునామా (ఫంక్షన్ ముగిశాక ప్రోగ్రామ్ వెళ్లే చోటు) తరవాత ఏం పెట్టినా కాపీ కాదు. షెల్‌కోడ్ దానికి ముందే, బఫర్‌లోనే ఉండాలి. రెండోది, సెట్‌యూఐడీ ప్రోగ్రామ్‌ను (ఎవరు నడిపినా తన యజమాని అధికారంతో నడిచేదాన్ని) ఛేదించినా రూట్ షెల్, అంటే పూర్తి అధికారమున్న షెల్, రాకపోవడం. అసలు యూజర్ ఐడీ, ఎఫెక్టివ్ ఐడీ వేరుగా కనిపిస్తే ఇప్పటి షెల్‌లు అధికారాన్ని తామే వదిలేసుకుంటాయి. షెల్‌ను పిలిచే ముందు షెల్‌కోడ్‌లో సెట్‌యూఐడీ సున్నా కాల్ చేయాలి.

రక్షణలన్నీ తీసేసి షెల్ తెప్పించడంతో ల్యాబ్ ముగించకండి, అది సగం పాఠమే. కేనరీ (రిటర్న్ చిరునామాకు ముందు ఉంచే రహస్య విలువ, అది చెరిగితే ప్రోగ్రామ్ ఆగిపోతుంది), ఎగ్జిక్యూట్ కాని స్టాక్, ఏఎస్ఎల్ఆర్‌లను ఒక్కొక్కటిగా తిరిగి పెట్టించి, ఏది ఎక్కడ దాడిని ఆపిందో రాయించండి. కేనరీ లెక్క చాలా చక్కని అభ్యాసం. 64 బిట్ లినక్స్‌లో కేనరీ 8 బైట్లు, అందులో ఒకటి ఎప్పుడూ సున్నా. మిగిలిన 7 బైట్లను ఒకేసారి ఊహించాలంటే 2 ఘాతం 56 అవకాశాలు, అది అయ్యే పని కాదు. కానీ సర్వర్ ప్రతి కనెక్షన్‌కీ ఫోర్క్ చేస్తే, అంటే తన నకలు ప్రాసెస్‌ను పుట్టిస్తే, పిల్ల ప్రాసెస్‌లన్నిటికీ ఒకటే కేనరీ. ఒక్కో బైటూ విడిగా ఊహిస్తూ పోతే గరిష్ఠంగా 7 × 256, అంటే 1,792 ప్రయత్నాలు చాలు. ఈ రెండు సంఖ్యలనూ బోర్డు మీద పక్కపక్కన రాయండి.

1988 నవంబరులో వచ్చిన మోరిస్ వార్మ్ (యంత్రం నుంచి యంత్రానికి తనంతట తానే పాకిన ప్రోగ్రామ్) కూడా ఈ పాఠానికి సరిపోతుంది. యూజర్ల వివరాలు చెప్పే ఫింగర్ సర్వీసులోని 512 బైట్ల బఫర్‌కి అది 536 బైట్లు పంపింది. వ్యాక్స్ యంత్రాల మీద దాడి పనిచేసింది. సన్ యంత్రాల మీద మాత్రం ప్రోగ్రామ్ కూలిపోయిందంతే, ఎందుకంటే పంపిన కోడ్ వ్యాక్స్‌ది. మీ విద్యార్థులకు ఎదురవుతున్న చిక్కూ ఈ కోవదే.

ప్రశ్న: విద్యార్థుల ల్యాప్‌టాప్‌ల మీదే వర్చువల్ మెషీన్లతో ల్యాబ్ నడపాలనుకుంటున్నాం. దాడి ట్రాఫిక్ క్యాంపస్ నెట్‌వర్క్‌లోకి రాకుండా చూడటం ఎలా?
— ల్యాబ్ ఇన్‌చార్జి

జవాబు: నెట్‌వర్క్ మోడ్ ‘ఇంటర్నల్’ లేదా ‘హోస్ట్ ఓన్లీ’ ఉండాలి. ‘బ్రిడ్జ్‌డ్’ పెడితే ఆ మెషీన్ నేరుగా క్యాంపస్ నెట్‌వర్క్‌లో కూర్చున్నట్టే. సాధారణంగా జరిగే పొరపాటు వేరే ఉంది: ప్యాకేజీల కోసం పెట్టిన నాట్ అడాప్టర్‌ను (ఇంటర్నెట్‌కి దారి ఇచ్చేదాన్ని) తరవాత తీయడం మరచిపోతారు. ముందే అన్నీ ఇన్‌స్టాల్ చేసి, అడాప్టర్ తీసేసి, అప్పుడు ఇమేజ్ పంచండి. ల్యాబ్ మొదలయ్యే ముందు ప్రతి విద్యార్థీ బయటి చిరునామాకి పింగ్ ఇవ్వాలి. అది విఫలమైతేనే ముందుకెళ్లాలి. మాల్వేర్ పాఠమైతే షేర్డ్ ఫోల్డర్లు, క్లిప్‌బోర్డ్ కూడా ఆపేయాలి.

దాడి చేసేది, దాడికి గురయ్యేది, ట్రాఫిక్ చూసేది అని మూడు మెషీన్లు, ఒక్కోదానికి 2 జీబీ వేసుకుంటే 16 జీబీ ల్యాప్‌టాప్‌లో హాయిగా నడుస్తాయి. 8 జీబీ అయితే డెస్క్‌టాప్ లేని సిస్టమ్‌తో బాధిత మెషీన్‌ను 1 జీబీకి దించండి.

క్లోన్ చేసిన మెషీన్లలో మెషీన్ ఐడీ, ఎంఏసీ చిరునామా మార్చకపోతే రెండిటికీ ఒకే ఐపీ వచ్చి ల్యాబ్ వింతగా ప్రవర్తిస్తుంది. మెషీన్‌ను ఆపేశాకే స్నాప్‌షాట్ (దాని అప్పటి స్థితి నకలు) తీయండి. నడుస్తుండగా తీసినదాన్ని వారం తరవాత తెరిస్తే గడియారం వెనకబడి ఉంటుంది. అయిదు నిమిషాలకు మించి తేడా ఉంటే కెర్బెరోస్ అనే గుర్తింపు తనిఖీ వ్యవస్థ మామూలుగా లాగిన్‌నే ఒప్పుకోదు, తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి పూట పడుతుంది.

ప్రశ్న: ఫ్లాగ్ (ఛేదిస్తే దొరికే రహస్య పదం) కనిపెట్టే అభ్యాసాలు ఇస్తే ఒకరి జవాబు అందరికీ చేరిపోతోంది.
— ట్యూటర్

జవాబు: ప్రతి విద్యార్థికీ వేరే ఫ్లాగ్ ఇవ్వండి. మీ దగ్గర మాత్రమే ఉండే రహస్య కీతో, రోల్ నంబరునూ ప్రశ్న సంఖ్యనూ కలిపి హెచ్‌మ్యాక్ షా 256 (కీ ఉన్నవారే లెక్కగట్టగల హ్యాష్) తీసి, మొదటి 16 హెక్స్ అక్షరాలు వాడితే సరిపోతుంది. కీ లేకుండా రోల్ నంబరుకు వట్టి హ్యాష్ తీస్తే మాత్రం వాళ్లే లెక్కగట్టుకుంటారు. పద్ధతిని పంచుకోవడాన్ని ఇది ఆపదు. దానికి అయిదు నిమిషాల మౌఖిక పరీక్షే దారి: బఫర్‌ను 100 నుంచి 140 బైట్లకు మార్చి, మళ్లీ చేసి చూపించమనండి.

ప్రశ్న: చొరబాట్లను పసిగట్టే నా మోడల్ కేడీడీ కప్ 99 అనే నెట్‌వర్క్ ట్రాఫిక్ డేటా మీద 99.2 శాతం యాక్యురసీ చూపిస్తోంది. అయినా సమీక్షకులు తిప్పి పంపారు. లోపం ఎక్కడ?
— పీహెచ్‌డీ విద్యార్థిని

జవాబు: మోడల్‌ను చూసేలోపే డేటా దగ్గర అనుమానం మొదలవుతుంది. ఆ డేటాకు మూలం 1998 నాటి కృత్రిమ ట్రాఫిక్. పైగా శిక్షణ భాగంలో దాదాపు 78 శాతం, పరీక్ష భాగంలో దాదాపు 75 శాతం రికార్డులు నకళ్లేనని 2009లో తేలింది. దాన్ని యాదృచ్ఛికంగా విడగొడితే మోడల్ చూసిన ప్రశ్నకే మళ్లీ జవాబు రాస్తుంది. కొత్త డేటా తీసుకున్నా ఈ జాగ్రత్త తప్పదు: కాలక్రమంలో విడగొట్టండి, ముందు రోజులతో శిక్షణ, తరవాతి రోజులతో పరీక్ష. ఐపీ చిరునామా, టైమ్‌స్టాంప్ ఫీచర్లలో ఉంటే తీసేయండి. దాడులన్నీ ఒకే యంత్రం నుంచి వచ్చిన డేటాలో మోడల్ నేర్చుకునేది దాడిని కాదు, ఆ చిరునామాను. స్కేలింగ్ విలువలు శిక్షణ భాగం నుంచి మాత్రమే తీయాలి.

ఇక యాక్యురసీ. రోజుకు 10 లక్షల ఫ్లోలు (కనెక్షన్లు), అందులో 100 దాడులు అనుకోండి. మోడల్ 99 శాతం దాడులను పడుతుంది, మామూలు ఫ్లోల్లో 1 శాతాన్ని పొరపాటున దాడి అంటుంది. నిజమైన హెచ్చరికలు 99, తప్పుడువి 9,999. వంద హెచ్చరికలు చూస్తే అందులో నిజమైనది ఒక్కటి. ఏ విశ్లేషకుడూ రెండో రోజు దాన్ని తెరవడు. తప్పుడు హెచ్చరికల రేటు 0.01 శాతానికి దిగితే అప్పుడు సగం హెచ్చరికలు నిజమవుతాయి. అందుకే యాక్యురసీ బదులు ప్రిసిషన్ (హెచ్చరికల్లో నిజమైనవి ఎన్ని), రీకాల్ (దాడుల్లో పట్టుకున్నవి ఎన్ని) ఇవ్వండి, వాటిని దాడులు అరుదుగా ఉండే నిష్పత్తిలోనే లెక్కించండి. పక్కనే మూడంచెల డెసిషన్ ట్రీ ఫలితం కూడా పెట్టండి. దాని స్కోరు మీ డీప్ మోడల్‌కి దగ్గరగా వస్తే మీరు తేల్చింది మోడల్ గొప్పదనం కాదు, డేటా సులువు అని. అదీ ప్రచురించదగ్గ విషయమే, దాచకండి.

ప్రశ్న: ప్రాజెక్టులో భాగంగా ఒక రౌటర్‌లో లోపం కనిపెట్టాం. తయారీదారుకి ఎలా చెప్పాలి?
— ఎం.టెక్. విద్యార్థి

జవాబు: ముందు పరికరాన్ని ఫ్యాక్టరీ రీసెట్ చేసి, తాజా ఫర్మ్‌వేర్ వేసి, లోపం ఇంకా ఉందేమో చూడండి. ఉంటే మోడల్, ఫర్మ్‌వేర్ వెర్షన్, తిరిగి చేసి చూసుకునే అంచెలు, దాని వల్ల కలిగే నష్టం, అన్నీ ఒక పేజీలో రాయండి. చాలా సంస్థల సైట్లలో భద్రతా విభాగాన్ని సంప్రదించే వివరాలతో ‘సెక్యూరిటీ’ అనే టెక్స్ట్ ఫైల్ ఉంటుంది. 2022లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 9116 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం దీని రూపాన్ని ఖరారు చేసింది. లోపాన్ని బయటపెట్టే గడువు మొదటి ఉత్తరంలోనే చెప్పండి: లోపాలు వెతికే గూగుల్ ప్రాజెక్ట్ జీరో బృందం 90 రోజులు, సర్ట్ సమన్వయ కేంద్రం 45 రోజులు పాటిస్తాయి. జవాబు రాకపోతే అలాంటి సమన్వయ కేంద్రాన్ని మధ్యలో పెట్టండి, సీవీఈ సంఖ్య (లోపాన్ని గుర్తించడానికి ఇచ్చే బహిరంగ సంఖ్య) కూడా అడగండి. ఇతరుల రౌటర్ల మీద మాత్రం, అనుమతి లేకుండా, ‘ఒక్కసారి చూద్దాం’ అని కూడా పరీక్షించవద్దు.

ప్రశ్న: పరికరాల మీద కాకుండా మనుషుల పనితీరు మీద ప్రయోగానికి కూడా నైతిక సంఘం అనుమతి కావాలా?
— పరిశోధక విద్యార్థి

జవాబు: కావాలి, అదీ ప్రయోగానికి ముందే. మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు లోపాలున్న ప్యాచ్‌లను (కోడ్ మార్పులను) కావాలనే లినక్స్ కెర్నల్ సమూహానికి పంపారు. 2021లో అది పెద్ద వివాదమై, ఆ విశ్వవిద్యాలయం పంపే మార్పులను కెర్నల్ నిర్వాహకులు నిలిపేశారు. ఆ ప్రయోగం మీద రాసిన పరిశోధన పత్రాన్ని రచయితలు వెనక్కి తీసుకున్నారు. కోడ్‌ను సమీక్షించేది మనుషులు, ప్రయోగంలో ఖర్చయింది వాళ్ల సమయం. దరఖాస్తులో ఎవరి సమయం, ఎవరి డేటా, ఎవరి వ్యవస్థ వాడుకుంటున్నారో మూడూ విడివిడిగా రాయండి, ప్రయోగాన్ని మధ్యలో ఎవరు, ఎలా ఆపగలరో కూడా చేర్చండి.